కొత్వాల్‌గూడ మత్స్యాలయపు వెనుకగదిని గూర్చి: హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ కమిషనరు గారికి బహిరంగ లేఖ

మహాశయా,

సికింద్రాబాదు మారేడుపల్లిలో నివసించుచు, చిరకాలముగా ఇంటి వసారాలో చేపలను పెంచుచు, ఆ చేపలకంటె వాని నీటిని గూర్చియే ఎక్కువగా ఆలోచించుట కలవాటుపడిన సామాన్యుడొకడు, హిమాయత్‌సాగరము చెంత కొత్వాల్‌గూడలో మీ సంస్థ తలపెట్టిన ఉద్యానవనమున సొరంగమార్గముతో కూడిన మహామత్స్యాలయమొకటి వెలయనున్నదని 2022లో శంకుస్థాపన నాటి పత్రికలలో చదివినది మొదలు తన మనస్సున మెదలుచున్న కొన్ని మాటలను మీకు విన్నవింప సాహసించి, అవి మీకొక్కరికే కాక పురజనులకును తెలియుట మేలని తలచి, ఇట్లు బహిరంగముగా వ్రాయుచున్నాడు. విన్నపము ఒక్కటే. అందలి వడపోత యేర్పాటును ప్రారంభోత్సవ దినమునకు తగినట్లు కాక, మే నెలలో కరెంటు పోయిన రాత్రికి తగినట్లు ఎన్నుకొనుడు. ఒకవేళ ఎన్నిక ఇదివరకే జరిగియుండినచో, ఆ దృష్టితో మరల నొకసారి పరికింపుడు.

ఇట్టి కట్టడముల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల పత్రికలవారు గాని పాలకులు గాని మొదట అడుగునది అద్దపు మందము; పిమ్మట సొరంగపు పొడవు; ఆ పిమ్మట దేశమున దీని స్థానమెన్నవదన్న ప్రశ్న. అద్దమును గూర్చిన భయము నిరాధారమని నేననను. బెర్లిను నగరమున నొక హోటలు నడుమ నిలువుగా నిలిపిన ఆక్వాడోమ్ అను పది లక్షల లీటర్ల తొట్టి 2022 డిసెంబరు 16వ తేది తెల్లవారుజామున బ్రద్దలై, అందలి సుమారు 1500 చేపలలో అత్యధిక భాగము నశించి, నీరంతయు వీథిపాలైన వార్తను మనమందఱము చదివితిమి. అయినను అద్దము పగులుట అరుదు. వడపోత యంత్రములుండు వెనుకగది చెడుట మాత్రము ఏ ఊరనైనను ఏ రాత్రియైనను జరుగవచ్చును. ఆ వార్త పత్రికకెక్కదు. మఱునాటి ఉదయము పనివాండ్రు చచ్చిన చేపలను బకెట్లకెత్తుదురు, మధ్యాహ్నమునకు క్రొత్తవి వచ్చి చేరును, సాయంకాలము టిక్కెట్టు కొని వచ్చిన పిల్లవాడు ఏమియు నెఱుగక చప్పట్లు కొట్టును.

మా సికింద్రాబాదులోనే ఒక హోటలు ముఖమంటపమున గోడ పొడవునకు సరిపోవు తొట్టి యొకటి యుండెడిది. నీరెంత తేటగా నుండెననిన, వెనుక అద్దమునకు అంటించిన నీలి కాగితపు అతుకులు సైతము లెక్కింపవచ్చును. అయినను అందలి ఆస్కారు చేపలన్నియు పైకి చేరి, నీటి పొరకు నోళ్లానించి, మొప్పలను వడివడిగా నాడించుచు, పంపునుండి నీరు పడు మూలయందే గుమిగూడియుండెను. మొప్పరెప్ప తెఱచినప్పుడెల్ల లోన ఎఱ్ఱగా నుండవలసిన పొర గోధుమవన్నెకు తిరిగి కనబడుచుండెను. అచటి మేనేజరు సగర్వముగా, "చూడండి సార్, నీళ్లు ఎంత క్లీన్‌గా ఉన్నాయో!" అనెను. ఆయన చెప్పినది అబద్ధము కాదు. ఆ నీరు తేటనీరే, చేపలకు విషమును అదియే. నెత్తురులోని ఎఱుపును గోధుమవన్నెకు త్రిప్పి, ప్రాణవాయువును మోయు శక్తిని హరించు నైట్రైటు అను పదార్థమునకు రంగును లేదు, వాసనయును లేదు.

కంటికి కానరాని దానిని వెదకి పట్టుటలో మా ఊరికి కొంత పేరు గలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సైన్య వైద్యుడైన రోనాల్డు రాస్ ఇచటనే దోమ కడుపును కోసి సూక్ష్మదర్శిని క్రింద నిలిపి, అందు మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయన పేరిట బేగంపేటలో నున్న భవనము నేటికిని నిలిచియున్నది. అంతకు కొలది యేండ్ల ముందు, 1890 ప్రాంతమున, వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చుచు, ఆ మార్పువలననే జీవించు సూక్ష్మజీవులను వేఱుపఱచి చూపెను. లోకమునందలి ప్రతి మత్స్యాలయమును, గాజు సీసాలోని ఒంటరి చేప మొదలు మహాసొరంగముల వఱకు, ఆ జీవుల కష్టార్జితము మీదనే బ్రతుకుచున్నది. స్పాంజి యనుడు, సిరామిక్ రింగులనుడు, బయో బాల్స్ అనుడు, అవి యన్నియు ఆ జీవులకు కాపురముండుటకు మనము కట్టియిచ్చు ఇండ్లు మాత్రమే. అందుచేత వడపోతను ఎన్నుకొనుట యనగా, మురికిని పట్టు జల్లెడను ఎన్నుకొనుట కాదు. కోట్లకొలది ప్రాణులకు ఊపిరాడు చోటును ఎన్నుకొనుట.

బెర్లిను తొట్టివలెనే మీదియు పది లక్షల లీటర్లదని, అందలి చేపలకు దినమునకు 20 కిలోల మేత పడుచున్నదని ఊహింతము. కిలో మేతకు సుమారు 30 గ్రాముల చొప్పున 600 గ్రాముల నత్రజని అమ్మోనియా రూపమున ప్రతిదినము నీట చేరును. దానిని నిరపాయమైన నైట్రేటుగా మార్చుటకు ఆ సూక్ష్మజీవులు గ్రాముకు నాలుగున్నర గ్రాములకు మించి ప్రాణవాయువును, సున్నపురాయి లెక్కన గ్రాముకు ఏడు గ్రాములకు మించి క్షారమును వ్యయపఱచును. అనగా దినమునకు రెండున్నర కిలోలకు పైబడిన ప్రాణవాయువు, ఇంచుమించు ఏడు కిలోల వంటసోడా పెట్టు క్షారము. చేపలు పీల్చునది ఈ లెక్కలో చేరలేదు. ఈ ప్రాణవాయువెక్కడినుండి రావలయును? నీరు వేడెక్కినకొలది అది నీటినుండి వెడలిపోవును. ఇరువది డిగ్రీలవద్ద లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు నిలుచు నీరు ముప్పది డిగ్రీలవద్ద ఏడున్నరకు దిగును. మన నగరము సముద్రమట్టమునకు ఐదువందల మీటర్లకు పైగా ఎత్తున నుండుటచేత మనకు దక్కునది ఏడే. చేపకును సూక్ష్మజీవికిని ఆకలి పెరుగునదియు, ఆహారము తఱుగునదియు ఒక్కమాఱే. దీనికి తోడు, నీటి క్షారగుణము హెచ్చినకొలది అమ్మోనియా విషము హెచ్చును: పి.హెచ్. ఏడునుండి ఎనిమిదికి చేరినంతమాత్రమున విషరూపమైన భాగము దాదాపు పదిరెట్లగును. మా ఇండ్లలో గీజరు రాడ్డు చుట్టును పేరుకొను తెల్లని పెచ్చును చూచినవారికి మన బోరు నీటి స్వభావము వేఱుగా చెప్పనక్కఱలేదు. చల్లని దేశమున తయారైన పట్టికను చూచి ఇంత తొట్టికి ఇంత ఫిల్టరు చాలునని లెక్క వేయు గుత్తేదారు వచ్చినప్పుడు, ఆ పట్టిక ఏ ఊరి మే నెలకు వ్రాసినదో యడుగుడు.

ఇక ఏర్పాట్ల సంగతి. నా బోటి గృహస్థుడు టాప్ ఫిల్టరుతోనో, కొంచెము స్తోమత యున్నచో కానిస్టర్ ఫిల్టరుతోనో కాలక్షేపము చేయును. మహామత్స్యాలయములకు గుత్తేదారులు సాధారణముగా తెచ్చునది ఈ కానిస్టరుకే పెద్దన్న వంటి పీడన ఇసుక ఫిల్టరు: ఉక్కుతోనో ఫైబరుతోనో చేసిన, మూతబిగించిన పెనుపాత్రలు; వానిలో ఇసుక; దానిగుండ పెద్ద పంపులు నీటిని నెట్టును. చూచుటకు గంభీరముగా నుండును, చోటు తక్కువ తీసికొనును, తేటదనమున దానికి సాటి లేదు. కాని దాని దోషమంతయు ఆ మూతయందే యున్నది. కరెంటు పోయి నీటి ప్రవాహము నిలిచిన క్షణమునుండి లోపలి సూక్ష్మజీవులు తమ చుట్టునున్న కొద్దిపాటి ప్రాణవాయువును పీల్చివేసి, గంటల వ్యవధిలో ఊపిరాడక నశించుట కారంభించును. ఆ స్థానమున గాలి అక్కఱలేని మఱొక జాతి జీవులు విజృంభించి కుళ్లిన గ్రుడ్ల వాసన గల విషవాయువును పుట్టించును. కరెంటు వచ్చి పంపు మరల తిరిగినప్పుడు ఆ పాత్రలోని సరకంతయు చేపలమీదికి వచ్చిపడును. కరెంటు పోయినప్పుడు చావక, వచ్చిన తరువాత చేపలేల చచ్చినవని మోండా మార్కెటు ప్రాంతపు చేపల దుకాణములలో వాపోవు కొనుగోలుదారులను నేనెఱుగుదును. కారణమిదియే.

దీనికి భిన్నమైనది, నేను మీకు మనవి చేయదలచినది, తెఱచియుండు వడపోత. తొట్టి అంచునుండి పొర్లిన నీరు తన బరువుచేతనే దిగివచ్చి, మొదట తిరుగుడు పీపాకు చుట్టిన సన్నని జల్లెడగుండ పోవును. అచట మలినము, మిగిలిన మేత కుళ్లకమునుపే విడిపోవును. ఈ మొదటి మెట్టును గూర్చి ఎంత చెప్పినను తక్కువే, ఏలయనగా ఇసుక ఫిల్టరు మలినమును పట్టి నీటిలోనే నిలుపును, పీపా జల్లెడ పట్టినదానిని నీటినుండి బయటకు త్రోయును. ఆ పిమ్మట నీరు ప్లాస్టిక్ పలకలతోనో బయో బాల్స్‌తోనో నింపిన గోపురము పైనుండి సన్నని ధారలుగా జాఱుచు, అడుగడుగునను గాలిని కలుపుకొనుచు, క్రిందనున్న సంపులో పడును. అచటినుండి పంపు దానిని తొట్టికి ఎక్కించును. మురుగునీటి శుద్ధికి శతాబ్దమునకు పైగా వాడుకలో నున్న పద్ధతియే ఇది. హుస్సేన్‌సాగరపు భారమును వహించుచున్న మీ ఇంజనీరులకు క్రొత్త కాదు. దీని గొప్పతనము కరెంటు పోయిన రాత్రి తెలియును. ధార నిలిచినను పలకలు తడిగానే యుండును, చుట్టును గాలి యుండును, సూక్ష్మజీవులు ప్రాణములు దక్కించుకొనును. మఱియొక మేలు: మన దక్కను పీఠభూమి వేసవిగాలి పొడిగాలి గనుక, గోపురమున జాఱు నీరు కొంత ఆవిరియై, మట్టికుండలోని నీటివలె, తక్కినది చల్లబడును. ఆవిరైన నీటికి బదులు బోరు నీరు పోసినచో లవణములు నానాటికి పేరుకొనును గనుక, పోయునది శుద్ధిచేసిన నీరై యుండవలెను. ఈ ఒక్క ఇబ్బందిని ఒప్పుకొనక తప్పదు.

విద్యుత్తు లెక్కయు దీనికే అనుకూలము. పది లక్షల లీటర్లను రెండు గంటలకొకమాఱు త్రిప్పవలెనన్నచో సెకనుకు సుమారు 140 లీటర్లు పాఱవలెను. పీడన పాత్రలగుండ 15 మీటర్ల ఒత్తిడితో నెట్టినచో దినమునకు ఇంచుమించు 700 యూనిట్లగును, తెఱచిన వడపోతకు ఐదు మీటర్లతో సరిపెట్టగలిగినచో అందు మూడవవంతు చాలును. ఇసుక ఫిల్టరును వలదనను. పీపా జల్లెడకు చిక్కని సూక్ష్మధూళి కొఱకు ప్రవాహములో నొక పాయను దానిగుండ పంపవచ్చును. అతినీలలోహిత దీపములు, ఓజోను, బొగ్గు ఇత్యాదులు అలంకారములని నా అభిప్రాయము. ఉండిన మేలే, లేకున్న ప్రాణాపాయము లేదు.

సంపును గూర్చి ఒక్కమాట. నగరమున ప్రతి ఇంటి ముంగిటను నల్లా నీటికై భూమిలో సంపు త్రవ్వించుకొను మనకు దాని కొలతలయందు నిర్లక్ష్యము సహజము. మత్స్యాలయపు సంపు ఎల్లప్పుడును కొంత వెలితిగా నుండవలెను. పంపు నిలిచినప్పుడు తొట్టి ఉపరితలము పొర్లుగట్టు వఱకు దిగును. 250 చదరపు మీటర్ల వైశాల్యము గల తొట్టిలో రెండు సెంటీమీటర్లు దిగినను 5000 లీటర్లు ఒక్కపెట్టున క్రిందికి వచ్చును, గొట్టములలోని నీరు దీనికి అదనము. పైకి పోవు గొట్టము నోరు నీటిలో లోతుగా మునిగి, దానికి గాలి రంధ్రము లేకున్నచో నీరు వెనుకకు లాగబడి తొట్టి సగమగువఱకు ఆగదు. వ్రేలు పట్టునంత రంధ్రము అది. కోట్ల రూపాయల పనిలో దానిని మఱచుట ఎంత సులభమో, గోడ వెనుక పంపుల గదిలో మోకాలిలోతు నీరు నిలిచిన తరువాత గాని తెలియదు.

సముద్రపు చేపలను తెత్తురా, నదీజలముల చేపలను తెత్తురా అనునది వినోదమునకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును గాని, వడపోతకు మూలప్రశ్న అదియే. విశాఖ సముద్రతీరమున మత్స్యదర్శినికి ఉప్పునీరు గుమ్మమువద్దనే గలదు. మనకు సముద్రము రెండువందల యాభై కిలోమీటర్లకు పైబడిన దూరము. సముద్రమునకు దూరమైన షికాగో నగరమున 1930లో షెడ్ మత్స్యాలయమును తెఱచినప్పుడు, ఫ్లారిడా కొననున్న కీ వెస్ట్ నుండి ఇరువది రైలు ట్యాంకులు ఎనిమిది మార్లు తిరిగి ఇంచుమించు 38 లక్షల లీటర్ల సముద్రజలమును మోసికొనివచ్చినవి. రైల్వే ఊరివాడను గనుక ఆ కథ నాకు మిక్కిలి ప్రియము. నేడు ఉప్పునీటిని అచటికచటనే కలుపవచ్చును: లీటరుకు 35 గ్రాములు, పది లక్షల లీటర్లకు 35 టన్నులు. పదింట నొకవంతు నీటిని మార్చినప్పుడెల్ల మూడున్నర టన్నుల ఉప్పు బయటకు పోవలెను. ఎక్కడికి?

ఈ ప్రశ్నవద్ద మిమ్ము కొంచెము నిలుపదలచితిని. 1908 నాటి మూసీ వఱద నగరమును ముంచిన పిమ్మట, విశ్వేశ్వరయ్య గారి సూచనలను పురస్కరించుకొని కట్టిన జంట జలాశయములలో ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. తరతరములుగా నగరము వాని నీటిని త్రాగినది. 1996 నాటి 111వ ఉత్తరువు వానికి పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారకములైన కట్టడములను వారించెను. 2022లో ప్రభుత్వము ఆ నిర్బంధమును సడలించినను, నీటి పాఱుదల మాత్రము ఉత్తరువులను చదువదు. వడపోతనుండి వెడలు ఉప్పునీరు గాని, నైట్రేటు నిండిన మంచినీరు గాని, దానితోపాటు తప్పించుకొను విదేశపు చేపపిల్ల గాని ఆ చెఱువు త్రోవ పట్టరాదు. మన చెఱువులలో దెయ్యపు చేప యని జాలరులు తిట్టుకొను దక్షిణ అమెరికా జాతి, అద్దపు తొట్టి నాచు నాకుటకు వచ్చి వలలు చింపుటకు స్థిరపడినదే కదా!

కావున నా మొగ్గు మంచినీటి వైపు. గోదావరి కృష్ణలలోని రవ్వ, బొచ్చె, వాలుగ, జెల్ల, మన రాష్ట్రపు చేపగా ఎన్నికైన కొఱ్ఱమట్ట. మృగశిర కార్తెనాడు రాంనగరు చేపల బజారులో వీనిని తూకమున మాత్రమే చూచు మా నగరవాసులు, రెండు గజముల పొడవు వాలుగ తమ తలపై నుండి నింపాదిగా సాగిపోవుటను చూచిన తరువాత పగడపు దిబ్బలకై బెంగగొందురని నేననుకొనను. కొఱ్ఱమట్ట నీటిపైకి వచ్చి గాలి మ్రింగి బ్రతుకగలదు గనుక, కరెంటు పోయిన రాత్రి అది మీ పక్షమున నుండును. మంచినీటి వడపోత నీటిని తోటలకు పాఱించవచ్చును. నైట్రేటు చెట్లకు ఎరువు. మీది ఉద్యానవనమే గదా.

ఇక ముహూర్తము. క్రొత్త వడపోతలో సూక్ష్మజీవులు స్థిరపడుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు కొలది చేపలను గాని, చేపలు లేకయే కొలిచి పోసిన అమ్మోనియాను గాని ఆధారముగా నిచ్చి వానిని పెంచవలెను. మంత్రిగారి తీరిక ననుసరించి తేది నిర్ణయించి, ముందటి రాత్రి లారీలతో చేపలను దింపించుట మన దేశాచారము. ఆ జీవులకు పంచాంగము తెలియదు. మఱియు ఫిల్టరును కడుగు పనివారికి నల్లా నీరు చేతికి దొరకనీయకుడు. మంజీరనుండి గాని, కృష్ణా గోదావరులనుండి గాని మన ఇండ్లకు చేరు నీటిలో క్లోరిను మనలను కాపాడుటకై యున్నది; స్పాంజిని ఆ నీట జాడించినచో ఆఱు వారముల సంసారము అఱగంటలో సమసిపోవును. తొట్టి నీటిని ఒక బకెట్టున ముంచి, అందు రెండు మార్లు పిండిన చాలును. నీరు టీ రంగుకు తిరిగి, స్పాంజి ఇంకను మాసినట్లే కనబడును, అట్లే కనబడవలెను.

గుత్తపత్రమున చేర్పింప ప్రార్థించునది మూడు మాటలలో చెప్పెదను. పంపులలో ఒకటి ఆగిపోయినను తక్కినవి పూర్తి ప్రవాహమును మోయగలిగి యుండవలెను. జనరేటరు అందుకొనులోపల గాలి ఊదు యంత్రములు బాటరీపై నడువవలెను. అమ్మోనియా, నైట్రైటు, ప్రాణవాయువు, ఉష్ణోగ్రతల అంకెలను ప్రతిదినము టిక్కెట్టు కిటికీ ప్రక్కన పలకపై వ్రాయవలెను. టిక్కెట్టు కొనువానికి అద్దపు మందమును తెలియజేయుచున్నప్పుడు ఇది మాత్రమేల దాచవలెను?

గుత్తేదారుని కడపటి వాయిదా సొమ్మును మాత్రము ఒక పరీక్షకు ముడిపెట్టుడు. మే నెలలో ఒకనాటి రాత్రి పది గంటలకు, చేపలన్నియు తొట్టిలోనుండగా, ప్రధాన స్విచ్చిని మీ ఇంజనీరు చేతనే ఆపించి, తెల్లవాఱి ఆఱు గంటలవఱకు గంటగంటకును ప్రాణవాయువును కొలిపింపుడు. లీటరుకు ఐదు మిల్లీగ్రాములకు దిగినచో స్విచ్చి వేయించి, సొమ్ము నిలిపివేసి, లోపము దిద్దిన పిదప మరల అదే పరీక్ష పెట్టింపుడు. ఆ రాత్రి గుత్తేదారు మనుష్యులు అచటనే కూర్చుండవలెనన్న షరతును మాత్రము విడువకుడు.

ఇట్లు,
భవదీయుడు,
మారేడుపల్లి వాస్తవ్యుడు, సికింద్రాబాదు